ఏసమ్మ బీరువా – 17: పదమూడు తాళాలు

2023 జనవరి ఒకటి, ఆదివారం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో బగారా అన్నం, నాటుకోడి కూర, పుంటికూర తొక్కు, మా అమ్మాయి ఏంజెల్ మొదటిసారి చేసిన డబుల్ కా మీఠా. పాలు సరిపోక మీఠాలో రొట్టెముక్కలు గొంతులో గుచ్చుకున్నాయి. నా భార్య ఏసమ్మ మాత్రం ఏమీ అనకుండా రెండోసారి వడ్డించుకుని, గిన్నె ఖాళీ చేసి, "అయిపోయింది, ఇగ ఎవ్వరికి లేదు" అంది. మా గొంతుల్నీ కాపాడింది, అమ్మాయి మనసునూ కాపాడింది.

భోజనాలయ్యాక వాగ్దాన కార్డులు చదివాం. మా సంఘంలో కొత్త సంవత్సరం ఆరాధన అయిపోగానే ఇత్తడి పళ్ళెంలో కార్డులు బోర్లించి పెడతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. దాని మీది వాక్యం ఆ ఏడాదంతా మనది. ఇంటికి వచ్చాక ఒక్కొక్కరూ లేచి నిలబడి వాక్యమూ, దాని కింద ఉన్న అధ్యాయం, వచనం అంకెలూ అందరూ వినేటట్టు చదవడం మా ఇంటి ఆనవాయితీ. ఏసమ్మ లేచి చదివింది. ఆమె తమ్ముడు డేవిడ్ ఎదురుగా కూర్చుని కోడికాలు చీకుతూ విన్నాడు. నేను పక్కనే కూర్చుని విన్నాను.

ఏం తిన్నామో నాకు ఇంత బాగా గుర్తుంది. ఆ అంకెలు గుర్తు లేవు. డేవిడ్‌కు గుర్తున్నాయి. మాకు జరిగిన అన్యాయమంతా ఆ తేడాలోంచే వచ్చింది.

ఈ వారమే కథను చేతికి తీసుకున్నవారి కోసం ఇప్పటిదాకా జరిగింది చెబుతాను. నేను ఏలియాను, నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పని చేసి రిటైరయ్యాను. మా ఇల్లు కొత్తవాడలో. ఏసమ్మ ఇరవై రెండేళ్ళు గ్రాఫ్ కాగితాల మీద జంపఖానాల డిజైన్లు గీసింది, మా పెరటి మగ్గం గదిలో నేయించింది, 'ఏసమ్మ జంపఖానాలు' అని ఫోన్‌లో పేజీ పెట్టి దేశమంతా పంపింది. ఆ కార్డులు చదివిన మరుసటి వారమే ఏంజెల్ మా అందరి ఫోన్లలో, వాళ్ళమ్మ ట్యాబ్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టింది. ఇంటి పాస్‌వర్డ్‌లన్నీ ఒక్కచోట ఉంటాయి, ఒక ఫోన్‌లో దాస్తే మిగతా అన్నింట్లోనూ కనిపిస్తాయి. ఏసమ్మ దానికి 'బీరువా' అని పేరు పెట్టింది. అందరికీ కనిపించేది ఇంటి అర. ఎవరిది వాళ్ళకే కనిపించేది సొంత అర. బీరువా తెరవడానికి ఎవరి పెద్ద తాళం వారికి ఉంటుంది. "ఎవ్వరికి తెల్వనిది పెట్టుకోవాలె అమ్మా" అని ఏంజెల్ ఎంత చెప్పినా, ఏసమ్మ తన కార్డు మీది అంకెలే పెట్టుకుంది. రహస్యాన్ని బంధువుల ముందు నిలబడి గట్టిగా చదివి, తర్వాత దాన్నే తాళంగా పెట్టుకోవడం మా వాళ్ళు మాత్రమే చేయగల తప్పు.

పోయిన ఏడాది ఆగస్టులో, పదకొండు రోజులు దవాఖానలో ఉండి, ఏసమ్మ వెళ్ళిపోయింది. ట్యాబ్ ఏమైందని అడిగితే, "కింద పడి పలిగిపోయింది బావా, పారేసిన" అన్నాడు డేవిడ్. నలభై రోజుల ప్రార్థన ముగిసిన వారానికి పేజీ మాకు తెరుచుకోలేదు. దాని పేరు 'డేవిడ్ డిజైన్స్' అయింది. ఏసమ్మ ఫోటో పోయింది. ఏడాది పైగా మేము బయట నిలబడి చూశాం. పది రోజుల కింద పేజీలో ప్రకటన పెట్టాడు: 'మా నూట నలభై సొంత డిజైన్లను వచ్చే సోమవారం మా పేరు మీద రిజిస్టర్ చేయిస్తున్నాం.'

తర్వాత గురువారం నా ఫోన్‌లోని బీరువా తెరిస్తే, అరవై ఒకటి ఉండాల్సిన పాస్‌వర్డ్‌లు డెబ్బై నాలుగు ఉన్నాయి. డేవిడ్ ఫోన్ తెర పాడైనట్టుంది, మాట్లాడడానికి తప్ప అన్నిటికీ ఆ ట్యాబ్‌నే వాడడం మొదలుపెట్టాడు. దాయమంటారా అని అది అడిగినప్పుడల్లా, ఏ అరలోనో చూడకుండా 'అవును' నొక్కాడు. ఆ ట్యాబ్ ఇంకా మా బీరువాలోనే ఉంది. ఏసమ్మ పేరు తీసేయమంటారా అని యాప్ ఎన్నిసార్లు అడిగినా నాకు చేయి రాలేదు. అలా అతని తాళాలు పదమూడు నడిచి వచ్చి మా ఇంటి అరలో కూర్చున్నాయి.

శనివారం మధ్యాహ్నం అన్నాలు తిన్న చోటే ఏంజెల్ నా ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆమె ఒక ప్రైవేటు దవాఖానలో ఫిజియోథెరపిస్టు. రోజంతా ఇతరుల కీళ్ళను ఓపికగా వంచుతుంది గాని సొంత విషయాల్లో ఓపిక లేదు.

"నొక్కుతాన్న డాడీ. వాని తాళాలు మార్చేస్తాన్న."

"ఆగు బిడ్డా."

"ఇంకేం ఆగుడు? సోమారం పొద్దుగాల రిజిస్టర్ అయితే అయిపాయె. ఇగ అమ్మ పేరు ఏ కాయితం మీద ఉండది. ఇప్పుడు నాకు క్షమాపణ గురించి చెప్పినవనుకో, లేచి పోతా."

"క్షమించుమని నేనన్ననా?"

ఆమె ఫోన్ మీది నుంచి కళ్ళెత్తింది.

"వాడు ఈడ లేనప్పుడు తాళం మారిస్తే వానికేం తెలుస్తది? నెట్ పని చేస్తలేదనుకుంటడు," అన్నాను. "నా ముంగట కూసోవాలె. వాని చేతుల ట్యాబ్ ఉండాలె. ఒక్కొక్కటి పోతాంటే వాడు చూడాలె. వాడు చూస్తాంటే నేను చూడాలె."

ఏంజెల్ ఫోన్‌ను బల్ల మీద పెట్టేసింది. నీళ్ళ గ్లాసులో పడ్డ చీమను చెంచాతో తీసి ఎండలో ఆరబెట్టే మనిషినని వాళ్ళమ్మ నన్ను ఊరంతా చెప్పి నవ్వేది. ఆ మనిషి ఎక్కడికి పోయాడో నాకూ తెలియదు. ఏడాదిగా రోజూ ఉదయం ఆ పేజీ తెరిచి, నా భార్య గీతల కింద ఇంకొకడి పేరు చదువుతూ టీ తాగాను. అలా తాగిన టీ ఊరికే పోదు.

"డాడీ, నీకు గింత కోపముందని నాకెర్కలే," అంది చివరికి. గొంతులో భయం కొంచెం, సంతోషం ఎక్కువ.

"నాకు గూడ ఎర్కలే. ఇగ నేర్పు. కొత్త తాళాలు వానికి కనపడకుండ ఎట్ల పెట్టాలె?"

ఇంటి అరలో పెడితే ట్యాబ్‌లోనూ కనిపిస్తాయి, నీ సొంత అరలో పెట్టు అని నేర్పింది. నాలుగుసార్లు చేయించింది. తర్వాత నేను డేవిడ్‌కు ఫోన్ చేశాను. ఏసమ్మ గ్రాఫ్ కాగితాల కట్ట అటక మీద దొరికిందని, నాకెందుకు, వచ్చి తీసుకుపొమ్మని చెప్పాను. "నీ దగ్గర ఫోటోలు ఉంటే తెచ్చుకో. ఏవి ఉన్నయో, ఏవి లేవో సరి చూసుకుందువు."

అబద్ధం ఒక్కటీ లేదు. కట్ట నిజంగానే దొరికింది. ఎరకు పనికొచ్చేవన్నీ నిజాలే.

ఆదివారం నాలుగు గంటలకు డేవిడ్ వచ్చాడు. హనుమకొండ నుంచి స్కూటీ మీద, ఆరాధనకు వేసుకున్న తెల్ల చొక్కాతోనే. యాభై రెండేళ్ళ మనిషి, సంఘంలో పాటల జట్టుకు పెద్ద. గుమ్మంలోనే నవ్వు మొదలుపెట్టాడు.

"ఏం బావా, గింత సన్నగైనవ్! ఏంజెల్ తిండి పెడతలేదా?"

"పెడతాన్న మామా," అంది ఏంజెల్ కుర్చీ జరుపుతూ. "నువ్వే లావైనవ్. ఎవ్వరి తిండి తింటాన్నవ్?"

"నోరు మొత్తం అక్కదే!" అని ఇంకా పెద్దగా నవ్వాడు.

పెరట్లో మగ్గం గదిలోంచి పంజా చప్పుడు వినిపిస్తోంది. ఇనుప పళ్ళున్న ఆ పంజాతో పేక దారాన్ని కిందికి కొడుతుంటే జంపఖానా గట్టిపడుతుంది. కొడుతున్నది కట్టమ్మ. అరవై ఏళ్ళు దాటాయి. ఏసమ్మతో ఇరవై రెండేళ్ళు పని చేసింది. ఆదివారం పని వద్దంటే వినదు. "మీ దేవునికి ఆదివారం సెలవు, నా నడుముకు కాదు సారూ" అంటుంది.

"సింధు ఎట్లుంది?" అని అడిగాను. సింధు డేవిడ్ భార్య.

"వారంల మూడు దినాలు దవాఖాననే బావా. మిషిని మీద పండుడు, వచ్చుడు, మళ్ల పోవుడు. ఇగ అంతే."

ఆ సంగతి నాకు తెలుసు. ఆ పదమూడింటిలో ఒకటి సింధు డయాలసిస్ టైములు రాయించుకునే యాప్‌ది.

నీలం నూలుతో కట్టిన కట్టను బల్ల మీద పెట్టాను. డేవిడ్ చేతులు తుడుచుకుని దాన్ని విప్పాడు. అప్పుడు సంచీలోంచి ట్యాబ్ తీశాడు. దానికి ఎర్రటి కొత్త కవరు వేసి ఉంది.

"కొత్తదా?"

"అవు బావా. పోయిన నెలనే కొన్న."

మూలన పసుపు మరక అలాగే ఉంది. వంట చేస్తూ నొక్కీ నొక్కీ ఏసమ్మ పెట్టిన మరక. దాన్ని తుడవాలని కూడా అతనికి తోచలేదు. నేను ఫోన్ తీసి ఒడిలో పెట్టుకున్నాను.

మొదట ఈమెయిల్. పాతది వేశాను, కొత్తది పెట్టాను. మిగతా ఫోన్ల నుంచి, ట్యాబ్‌ల నుంచి బయటికి పంపమంటారా అని అడిగింది. పంపమన్నాను. డేవిడ్ చేతిలో ట్యాబ్ చిన్నగా మోగింది. అతను దాన్ని చూసి, తోసేసి, మళ్ళీ కాగితాల్లో పడ్డాడు.

తర్వాత ఫోటోలు. నూట నలభై డిజైన్ల ఫోటోలు అందులోనే ఉన్నాయి. సరి చూసుకుంటున్న ఫోటో అతని కళ్ళ ముందే మాయమై, తెల్ల తెర మీద 'మళ్ళీ లాగిన్ అవ్వండి' అని వచ్చింది.

"ఏంజెల్, మీ నెట్ ఏమైందే?"

"మంచిగనే ఉంది మామా."

మూడోది పేజీ. కొత్త తాళం పెడితే ఖాయం చేయడానికి ఈమెయిల్‌కు కోడ్ పంపింది. ఈమెయిల్ ఇప్పుడు నాది. ట్యాబ్ మళ్ళీ మోగింది. డేవిడ్ ఏదో టైపు చేశాడు. తప్పు అంది. మళ్ళీ చేశాడు. తప్పు అంది. ఆ తెల్ల చొక్కా చంకల దగ్గర నెమ్మదిగా తడుస్తుంటే నేను చూస్తూ కూర్చున్నాను. సిగ్గుపడాల్సిన మాటే గాని దాచను. ఆ ఏడాదిలో అంత హాయిగా నేను ఎప్పుడూ కూర్చోలేదు.

"ఇప్పుడు నాలుగోది, డేవిడ్," అన్నాను.

అతను తలెత్తాడు.

"రిజిస్ట్రేషన్ పని చూసే ఏజెంటుకు పంపిన దరఖాస్తు. రేపు పొద్దున పది గంటలకు పెడతరట గదా. 'రద్దు చేయాలా' అని అడుగుతాంది. ఏమనాలె?"

"బావా, ఏం మాట్లాడుతాన్నవ్?"

"అవును అంటాన్న," అని నొక్కాను.

ట్యాబ్ మోగింది. అతను దాన్ని చూశాడు, నా ఫోన్‌ను చూశాడు, ఏంజెల్‌ను చూశాడు. కుర్చీ వెనక్కి పడేటట్టు లేచాడు.

"నా తాళాలు నీ దగ్గరికెట్ల వచ్చినయ్? ఇది దొంగతనం! నేను పోలీస్ స్టేషన్‌కు పోతా!"

"పో మామా," అంది ఏంజెల్. "నేను దింపుత. పారేసిన అన్న అక్క ట్యాబు నా చేతుల మంచిగ పని చేస్తాంది, జర న్యాయం చెయ్యుండ్రి అని రాయించు. తప్పులు నేను దిద్దుత."

"నువ్వు నోర్ముయ్యవే! బావా, నువ్వు చెప్పు. అక్క మీద నాకు హక్కు లేదా? దవాఖానల రాత్రులు ఎవరున్నరు? నువ్వా? నీకు బీపీ అని ఇంటికి పంపితిమి. పదకొండు దినాలు నేనే పక్కపొంటి పండుకున్న."

"పండుకొని ట్యాబ్ ఎత్కపోయినవ్," అన్నాను.

కేకలకు పంజా చప్పుడు ఆగింది. కట్టమ్మ చేతిలో రెండు దారపు ఉండలతో వెనక గుమ్మంలోకి వచ్చింది. ఏ రంగు వేయాలో అడగడానికి వచ్చినట్టు నిలబడింది. డేవిడ్ ఆమె వైపు తిరిగాడు.

"నువ్వన్న చెప్పు కట్టమ్మా. మొదటి సంది నేస్తాన్నవ్. ఈ డిజైన్లు ఎవ్వరియి?"

"నేసేటోల్లను అడిగితే ఏం చెప్తం అయ్యా," అంది కట్టమ్మ. "కాయితం పెడ్తరు, నేస్తం. సారూ, అంచుకు ఎర్రదా, నల్లదా?"

"నీ ఇష్టం," అన్నాను విసుగ్గా.

ఆమె వెళ్ళిపోయింది. కాసేపటికి పంజా మళ్ళీ మొదలైంది.

నేను ఆపలేదు. ఐదోది, ఆరోది, ఏడోది. జంపఖానాలు కొనేవాళ్ళ మెసేజ్‌లు, పార్సెళ్ళు, ఇంకా ఏవేవో. ఒక్కొక్కదాని పేరు గట్టిగా చదివి, తర్వాత నొక్కాను. చదవాల్సిన పని లేదు. చదివాను. మా ఇంటి ఆనవాయితీ ప్రకారం అందరూ వినేటట్టు చదివాను. బ్యాంకు అని ఒకటి వచ్చింది, దాటేశాను. అతని డబ్బు మీద నాకు ఆశ లేదు. వాడి పేరు మీద ఉన్న నా భార్య పని మీదే నా కన్నంతా. పాటల జట్టు పేజీ వచ్చింది. దాన్నీ వదిలేశాను, పాపం వాళ్ళు బాగానే పాడతారు.

నేను కొత్త తాళం చూపిస్తే ఏంజెల్ తన ఫోన్‌లో పేజీ తెరిచి పేరు మార్చింది. 'ఏసమ్మ జంపఖానాలు'. పాత ఫోటో తిరిగి పెట్టింది. మగ్గం ముందు నిలబడి, ఎవరో ఏదో అన్నందుకు సగం నవ్వుతున్న ఏసమ్మ. దాని కింద నేను చెబుతుంటే టైపు చేసింది: 'ఈ నూట నలభై డిజైన్లు ఏసమ్మ చేతివి. ఇంకెవరివీ కావు. ఇరవై రెండేళ్ళు ఆమె గీసినవి.' పెట్టేయనా అన్నట్టు నన్ను చూసింది. పెట్టేయమన్నాను.

నిమిషం తిరగకుండా ఎవరో నర్సంపేట నుంచి 'ఏసమ్మ అక్క మళ్ళీ కనపడ్డది' అని రాశారు. ఏంజెల్ అది చదివి, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

డేవిడ్ కుర్చీని లేపి దాని మీద కూర్చున్నాడు. కేకలు పోయాయి. గొంతు సన్నబడింది.

"బావా, ఒక్కటి. సింధు దవాఖానది గూడ అండ్లనే ఉన్నది. మంగళారం టైము ఉంది. అది దొరకకపోతే..."

"అది ముట్టలే."

"నిజంగా?"

"చూసుకో."

చూసుకున్నాడు. తెరుచుకుంది. మంగళవారం, ఉదయం ఏడు, మూడో మంచం. తెర మీది ఆ వెలుగులో అతని మొహం చాలా ముసలిదిగా కనిపించింది. ఏంజెల్ వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది. పెట్టాలనుకుని పెట్టలేదు, చేయి అలవాటుగా పెట్టింది. అతను తాగాడు. ఇక లేచి వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు. ఖాళీ గ్లాసును బల్ల మీద తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు.

"నువ్వు మంచోనివి బావా," అన్నాడు చివరికి. "గందుకే నీకెవ్వరు ఏం చెప్పరు."

"ఏంది చెప్పేది?"

"నేను దొంగనే. ఒప్పుకుంటాన్న. అక్క పేరు తీసి నా పేరు పెట్టుకున్న. కాని బావా, మొదటి దొంగను నేను గాదు."

"మామా!" అంది ఏంజెల్.

"నువ్వు జర ఆగు బిడ్డా. నీకేం అంటలేను." అతను ట్యాబ్‌ను బల్ల మీద నా వైపు జరిపాడు. ఎర్ర కవరును ఊడదీసి సంచీలో పెట్టుకున్నాడు, అదొక్కటే తనదన్నట్టు. "ఇంటి అర చూసి చూసి మురిసిపోతాన్నవ్. అక్క సొంత అర తెరువు. అది నీ ఫోన్‌ల కనపడది. ఈ ట్యాబ్‌లనే కనపడ్తది. ఏడాది సంది నేనొక్కన్నే చూసిన."

నేను కదలలేదు.

"తాళం తెలుసా నీకు?"

నేను ట్యాబ్ మూలనున్న పసుపు మరకను చూశాను.

"పక్కనే కూసున్నవ్ గదా ఆ దినం! నేను ఎదురుంగ కూసున్న, నువ్వు పక్కన కూసున్నవ్. యాదికి లేదా?" ఈసారి అతని నవ్వులో ఎగతాళి లేదు, అది నన్ను ఇంకా ఎక్కువ కాల్చింది. నా చొక్కా జేబులోని పెన్ను తనే తీసుకుని, ఒక గ్రాఫ్ కాగితం మూల అంకెలు వేశాడు. వేసి, పెన్ను మూత పెట్టి, మళ్ళీ నా జేబులో గుచ్చాడు. "నా మీద పగ తీర్చుకున్నవ్, మంచిదే. ఇగ అది చదివి ఇంకెవ్వరి మీద తీర్చుకుంటవో తీర్చుకో."

స్కూటీ చప్పుడు సందు చివర దాకా వినిపించి ఆగింది. పక్కింటివాళ్ళు మా కేకలు విన్నట్టున్నారు, టీవీ చప్పుడు పెంచారు. వినలేదని మాకు చెప్పడానికి అదొక పద్ధతి. వాళ్ళకు మనసులోనే దండం పెట్టాను.

"వాడు అబద్ధాలకోరు డాడీ," అంది ఏంజెల్. "గెలిచినం మనం. అది పాడు చెయ్యనీకే గిట్ల మాట్లాడిండు. తెరువకు. తెరిచినా నాకు చెప్పకు."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి విప్పింది. గిన్నెలు అవసరమైనదాని కంటే గట్టిగా తోమడం వినిపించింది.

నేను పెరటి కిటికీ దగ్గరి కుర్చీలోకి మారాను. పొద్దు వాలుతోంది. ఒడిలో ట్యాబ్, దాని మీద గ్రాఫ్ కాగితం ముక్క. అంకెలు చూడగానే ఆ మధ్యాహ్నం ఏసమ్మ గొంతు పూర్తిగా వినిపించింది. ఎక్కడ ఊపిరి తీసుకుందో కూడా. ఒక్కొక్క అంకె నొక్కాను. సొంత అర తెరుచుకుంది.

అందులో పాస్‌వర్డ్ ఒక్కటీ లేదు. ఒకే ఒక్క చీటీ ఉంది. తేదీ పోయిన ఏడాది ఆగస్టు. దవాఖానలో నాలుగో రోజు. పైన పేరు ఇలా ఉంది: 'ఈ డిజైన్లు నావి కావు.'

చదివాను.

'ఏలియా, కోపం చేసుకోకు. మొదటి నలభై కట్టమ్మ వాళ్ళమ్మవి. మిగతావన్నీ కట్టమ్మవి. ఆమెకు గ్రాఫ్ గీయ రాదు. మగ్గం మీద ముందే నేసి చూపెడ్తది, నేను చూసి కాయితం మీద దించుకున్న. అంతే నేను చేసింది. మొదటిసారి ఎవరో ఇవి ఎవ్వరివి అని అడిగితే నావి అన్న. నువ్వు పక్కనే ఉన్నవ్, నీ మొఖం వెలిగింది. ఆ తర్వాత కావు అని చెప్ప ధైర్యం రాలేదు. పేజీ మీద నా పేరు తీసి కట్టమ్మ పేరు పెట్టుమని డేవిడ్‌కు చెప్పిన. వాడు పెడ్త అన్నడు. పెట్టిండా? కట్టమ్మ ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నదంటే'

చీటీ అక్కడితో తెర కిందికి దిగిపోయింది. మిగతాది కనిపించాలంటే వేలితో పైకి జరపాలి.

జరపలేదు. బల్ల మీద నా ఫోన్ మోగుతూనే ఉంది. 'ఇంకెవరివీ కావు' అన్న నా మాట కింద మూడు వందల పన్నెండు మంది లైక్ కొట్టారు. మూడు వందల పదమూడు. దాని పైన సగం నవ్వుతో ఏసమ్మ. ఆ మాట తీసేయడానికి ఒక్క నొక్కు చాలు. రేపు పొద్దున చూద్దామనుకోవడానికీ అంతే చాలు.

పంజా చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. కిటికీలోంచి చూస్తే కట్టమ్మ నేసిన భాగం మీద పాత చీర కప్పుతోంది. అంచుకు నల్లది వేసింది. దీపం ఆర్పింది. బయటికి వచ్చి, ఇంట్లో ఇంత గొడవ జరిగింది గదా, ఇప్పుడన్నా నిమ్మళంగా ఉండనీ అనుకుందో ఏమో, కీచుమనే ఆ పాత తలుపును రెండు చేతులతో కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా మూసి, గొళ్ళెం పెట్టింది.